సణుగుడులోనూ సత్యముంటుంది

కొన్నేళ్ల క్రితం క్రిస్మస్ వారంలో మా సంఘంలో ఎప్పటిలాగే విధవరాళ్లకు చీరలు, బియ్యం పంచాం. తల్లులందరినీ వేదిక ముందు వరుసగా నిలబెట్టాం. దాతలు ఒక్కొక్కరే చీర అందిస్తుంటే ఫొటోగ్రాఫర్ ‘ఇటు చూడండమ్మా’ అంటున్నాడు. అంతా అయ్యాక డెబ్బై దాటిన ఒక తల్లి మా దగ్గరికొచ్చి, ‘అయ్యగారండీ, చీర ఇచ్చేది మేం కట్టుకోడానికా, మీరు ఫొటో దిగడానికా? ఏడాదంతా మా గుమ్మం తొక్కరు. ఈ ఒక్కరోజే మేం మీకు కనబడతాం’ అనేసి వెళ్లిపోయింది. పక్కనే దాతలున్నారు, సంఘపెద్దలున్నారు. మాకు తల కొట్టేసినట్లయింది.

మరి మేం చేసిందేమిటి? మరుసటి ఆదివారం ప్రసంగానికి సంఖ్యాకాండం 14వ అధ్యాయం ఎంచుకున్నాం. అరణ్యంలో ఇశ్రాయేలీయుల సణుగుడు, దాని మీద దేవుని కోపం! ఆమె పేరెత్తలేదు గానీ, ఎవరి గురించి చెబుతున్నామో వింటున్న వారందరికీ తెలుసు. పుల్‌పిట్ మీంచి వచ్చే మాటకు కింద కూర్చున్నవాళ్లు తిరిగి జవాబు చెప్పలేరు. ఆ సదుపాయాన్ని వాడుకున్నాం. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ మా శ్రీమతి ఒక్కటే అడిగారు. ‘ప్రసంగం బాగానే ఉంది. ఇంతకీ ఆవిడ అన్నది అబద్ధమా?’

ఆ రాత్రి గృహదర్శనాల డైరీ తీసి చూశాం. ఆ ఏడాది మొత్తంలో ఆ తల్లి ఇంటికి వెళ్లింది ఒక్కసారి. అదీ పక్కింట్లో ప్రార్థన కూడిక ఉంటే, వెళ్తూ వెళ్తూ!

యెరూషలేములోని తొలి సంఘంలోనూ గొడవ మొదలైంది విధవరాళ్ల దగ్గరే (అపొ.కా. 6:1-7). అనుదిన ఆహారం పంచడంలో తమ విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదు విశ్వాసులు, హెబ్రీయుల మీద సణిగారు. లూకా అక్కడ వాడిన మాట ‘గొంగుస్మోస్’. అరణ్యంలో ఇశ్రాయేలీయుల సణుగుడుకు గ్రీకు పాత నిబంధన వాడిన మాట కూడా అదే. మన తెలుగు బైబిల్లోనూ రెండుచోట్లా కనిపించేది సణుగుడే. ఇదంతా సెమినరీలో చదువుకున్న పాఠమే. ఆ ఆదివారం మాత్రం మాకు సంఖ్యాకాండమే గుర్తొచ్చింది గానీ అపొస్తలుల కార్యాలు గుర్తుకు రాలేదు!

అపొస్తలులు జవాబు చెప్పాలనుకుంటే వాళ్ల దగ్గర జవాబులకు కొదవా? అప్పటికే సంఘంలో పురుషులే అయిదువేల మంది దాకా ఉన్నారు. అంతమందిలో ఎక్కడో పొరపాటు జరగదా అనవచ్చు. ఉచితంగా పెడుతుంటే వంకలా అనవచ్చు. భాష పేరుతో సంఘాన్ని చీలుస్తున్నారని ఎదురు నింద వేయవచ్చు. ఈ మూడూ నేటి సంఘపెద్దలకు కంఠతా వచ్చిన జవాబులే. పన్నెండుగురూ అవేమీ అనలేదు. ముందు ఎవరు సణిగారో విచారించలేదు. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండన్నారు. ఎన్నికైన స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు అందరివీ గ్రీకు పేర్లే. పేరును బట్టి వర్గాన్ని కచ్చితంగా చెప్పలేం. అపొస్తలుల్లోని అంద్రెయ, ఫిలిప్పులవీ గ్రీకు పేర్లే కదా! అయినా ఏడుకు ఏడూ అలాగే ఉండటం చూస్తే, ఫిర్యాదు చేసినవారి చేతికే గరిటె ఇచ్చారనిపిస్తుంది.

అలాగని విమర్శ రాగానే వాళ్లు తమ పని వదిలేసి వడ్డనకు కూర్చోలేదు. ప్రార్థన, వాక్యపరిచర్య తమ బాధ్యత అని స్పష్టంగా చెప్పారు. అంటే, ఎత్తిచూపిన తప్పును ఒప్పుకుని సరిదిద్దారు, తమ పిలుపును మాత్రం వదులుకోలేదు. ఆ ఏడుగురిలోంచే స్తెఫను తొలి హతసాక్షి అయ్యాడు. ఫిలిప్పు సమరయకు సువార్త మోసుకెళ్లాడు. ఆ రోజు సణుగుడు నోరు మూయించి ఉంటే?

ఇప్పుడు మన సంఘాల్లో విమర్శ వినబడగానే పైకి తీసే ఆయుధం ఒకటుంది. దేవుని అభిషిక్తుల జోలికి వెళ్లకూడదట! 105వ కీర్తనలోని ఆ మాటను ముందూ వెనకా చదివితే సంగతి వేరు. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. లెక్కకు కొద్దిమంది, సొంత నేల లేక దేశదేశాలు తిరిగే పరదేశులు. వాళ్లను బాధించవద్దని దేవుడు హెచ్చరించింది రాజులను! బలవంతుల నుండి బలహీనులను కాపాడే మాటను, మైకు చేతిలో ఉన్నవాడు ఒక ముసలితల్లి మీదికి విసరడం ఎంతవరకు న్యాయం? అభిషిక్తుడైన సౌలు మీద దావీదు చెయ్యెత్తలేదు, నిజమే. కానీ ఏన్గెదీలో మూడువేల మంది సైన్యంతో వచ్చిన ఆ సౌలును, నన్నెందుకు తరుముతున్నావని ఎలుగెత్తి అడిగింది కూడా దావీదే (1 సమూ. 24).

అబద్ధపు విమర్శ మాటేమిటంటారా? అదే దావీదు రాజై, కొడుకు అబ్షాలోముకు భయపడి పారిపోతున్నప్పుడు, షిమీ అనే వాడు రాళ్లు రువ్వుతూ, సౌలు ఇంటివారి రక్తం నీ తల మీద ఉందని శపించాడు (2 సమూ. 16). అది నిజం కాదు. సౌలు దొరికినా చంపనివాడు దావీదు. పక్కనున్న అబీషై, సెలవిస్తే వాడి తల తీసుకొస్తానన్నాడు. ఇలాంటి అబీషైలు ప్రతి పాస్టరు చుట్టూ ఉంటారు. ‘మీరు ఊ అనండి అయ్యగారూ, వాడి సంగతి మేం చూసుకుంటాం’ అంటారు. దావీదు వద్దన్నాడు, దేవుడే అతని చేత పలికిస్తున్నాడేమో అన్నాడు. సౌలు రక్తం విషయంలో షిమీ తప్పే. కానీ ఊరియా రక్తం సంగతి దావీదుకు తెలియదా? విమర్శించేవాడు గురి తప్పినా, ఆ రాయి పడిన చోట మన గాయం ఒకటి ఉండనే ఉంటుంది.

ఈ కథ ఇక్కడితో ఆపి ప్రసంగిస్తాం, విన్నవాళ్లు ఆమెన్ అంటారు. కానీ బైబిల్ దావీదును దాచిపెట్టదు. తిరిగొచ్చాక షిమీని చంపనని ప్రమాణం చేసిన అదే దావీదు, మరణశయ్య మీద సొలొమోనును పిలిచి, వాణ్ని ఊరికే వదలవద్దని చెప్పిపోయాడు (1 రాజులు 2). షిమీ చివరికి చచ్చాడు. పైకి క్షమించి లోపల పద్దు రాసుకోవడం అంటే ఇదే. అలాంటి పద్దులు మా దగ్గరా ఉన్నాయి. ఫలానావాడు పదేళ్ల కింద జనరల్ బాడీలో లెక్కలు అడిగాడని, వాడి కూతురి పెళ్లి ప్రార్థనకు ఆలస్యంగా వెళ్లే పాస్టర్లు లేరా?

పేతురు మేలు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, యాకోబు దగ్గరినుండి మనుషులు రాగానే పంక్తి విడిచి లేచిపోయాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు (గలతీ 2). పేతురు ఏమన్నాడో పౌలు రాయలేదు. కానీ పేతురు రెండో పత్రిక, దాని రచన గురించి పండితుల్లో చర్చ ఉన్నా, పౌలును ప్రియ సహోదరుడనే పిలుస్తుంది. పంక్తి భేదాలు ఇంకా పోని మన సంఘాల్లో ఆ నిలదీత చదివితే ఒంట్లో వణుకు పుట్టాలి.

డైరీ చూసిన మూడో రోజు ఆ తల్లి ఇంటికి వెళ్లాం. ‘నేనే నోరు జారానండి అయ్యగారూ’ అంటూ స్టూలు తుడిచి వేసింది. ‘నోరు జారింది మాదమ్మా’ అన్నాం. ఆమెను దెబ్బకొట్టింది అందరి ముందు గనుక, పై ఆదివారం అదే పుల్‌పిట్ మీద తప్పు ఒప్పుకున్నాం. అది మాత్రం ఇంట్లో చెప్పినంత తేలిగ్గా లేదు, గొంతు పెగల్లేదు. మరుసటి క్రిస్మస్‌కు ఫొటోలు లేవు. ఏం కొనాలో, ఎవరికివ్వాలో చూసే కమిటీలో ఆమెనూ, మరో తల్లినీ కూర్చోబెట్టాం. చీరలు చాలు, ఆ డబ్బుతో బీపీ మాత్రలు కొనిపెట్టమన్నారు వాళ్లు. ఇన్నేళ్లలో మాకు తట్టని ఆలోచన! ఫొటో లేదని ఒక దాత ఇవ్వడం మానేశారు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు.

ఆ తల్లి ఇప్పటికీ కమిటీలో ఉంది. పోయిన క్రిస్మస్‌కు బియ్యం సంచిలో చెయ్యిపెట్టి చూసి, ‘ఇవి మీ ఇంట్లో వండుకుంటారా అయ్యగారూ?’ అంది. సంచులు వెనక్కి పంపించాం.