సాయం తోటకు, రోగం కూలీకి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో యకీమా అనే గ్రామీణ కౌంటీ, అనగా మన జిల్లా వంటిది, ఒకటున్నది. ఆ దేశపు యాపిల్ పంటలో సగానికి పైగా ఆ రాష్ట్రానిదే. మన నగరాల పండ్ల బజారులలో చిన్న చీటీ అంటించుకొని నిగనిగలాడే వాషింగ్టన్ యాపిల్‌ను మన పాఠకులు చూసే ఉంటారు.

2020 మే 7న ఆ కౌంటీలోని ఒక పండ్ల ప్యాకింగు షెడ్డులో కార్మికులు పని నిలిపివేశారు. కొద్దిరోజులలోనే సమ్మె మరికొన్ని షెడ్లకు పాకింది. వారిలో అత్యధికులు మెక్సికో తదితర దేశాల నుంచి వచ్చినవారు, అనేకులు స్త్రీలు. పశ్చిమ తీరంలో కరోనా సోకినవారి నిష్పత్తి అప్పటికి అన్నిటికన్న ఎక్కువగా ఉన్నది ఆ కౌంటీలోనే. ఆ కార్మికులు కోరినదేమిటి? ముఖానికి మాస్కు, పనిచేసే చోట మనిషికీ మనిషికీ నడుమ ఎడం, ప్రమాదపు రోజులకు కొంత అదనపు వేతనం, నోరు విప్పినవారిపై కక్షసాధింపు లేకపోవడం. ఈపాటి కోర్కెలకు వారాల తరబడి సమ్మె చేయవలసి వచ్చింది!

ఖజానాలో ధనం లేకనా? అదే ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వం వ్యవసాయదారులకు నేరుగా చెల్లించేందుకు 1,600 కోట్ల డాలర్లు ప్రకటించింది. సెప్టెంబరులో మరో 1,400 కోట్ల వరకు ఇస్తామన్నది. హోటళ్లు, బడులు మూతపడి పాలు నేలపాలైన రోజులవి. చిన్న రైతుకు అందిన సహాయాన్ని మేము ఆక్షేపించడం లేదు. మా ఆక్షేపణ ఆ సహాయాన్ని కొలిచిన కుంచం పైనే.

రెండవ విడతలో పండ్లు, కూరగాయల వారికి 2019 నాటి అమ్మకాలపై శాతం కట్టి ఇచ్చారు. 40 వేల డాలర్ల సరుకు అమ్మిన వానికి 4,240 డాలర్లు. 20 లక్షల సరుకు అమ్మిన వానికి సుమారు 1,82,000. ఎవరికెంత నష్టమన్న విచారణ లేదు. మనిషికి రెండున్నర లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితి ఉన్నదంటారు. కాని ముగ్గురు భాగస్వాముల కంపెనీ అయితే అది ఏడున్నర లక్షలు. పైగా విడత విడతకూ వేరు పరిమితి!

ఇంత సొమ్ము తీసుకున్న యజమాని ఒక్క కూలీని పనిలో ఉంచాలని గాని, ఒక్క మాస్కు కొనాలని గాని షరతు లేదు. షరతు పెట్టడం ఆ ప్రభుత్వానికి తెలియక కాదు. ఆ ఏడాదే చిన్న వ్యాపారాలకిచ్చిన రుణాల మాఫీకి కనీసం 60 శాతం జీతాలకు ఖర్చు కావాలన్నది. పొలం గట్టు దగ్గరకు వచ్చేసరికి ఆ జ్ఞానం ఆవిరైంది! పైగా నవంబరులో, విదేశాల నుంచి తాత్కాలిక అనుమతిపై తెచ్చుకునే వ్యవసాయ కూలీల వేతనాలను రెండేళ్లపాటు పెరగకుండా బిగించబూనింది. డిసెంబరులో న్యాయస్థానం అడ్డుకున్నది గనుక సరిపోయింది.

కూలీలకు ‘అత్యవసర కార్మికులు’ అన్న బిరుదు మాత్రం దక్కింది. పత్రాలు లేని కూలీకి పౌరులకిచ్చిన 1,200 డాలర్లు కూడా లేవు. ఆ దేశపు పొలాలలో అట్టివారు కొంచెమించుమించు సగం. 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం వ్యవసాయ కూలీని నాడే వెలివేసింది. వారికోసం 2021లో ప్రకటించిన సహాయం తలకు 600 డాలర్లు, అదీ ఒక్కసారి. అది చేతికందడం మొదలయ్యేసరికి 2023 వచ్చింది.

ఇది దూరదేశపు వింత అనుకోనక్కరలేదు. 2020 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం కరోనా సహాయమంటూ చాటిన 2,000 రూపాయలు పీఎం కిసాన్ కింద అప్పటికే రావలసిన వాయిదాయే. అదీ పట్టా ఉన్నవారికే. ఆ జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పేర ఎకరాకు 5,000 చొప్పున, ఎకరాలకు పరిమితి లేకుండా చెల్లించింది. ఆ భూమినే కౌలుకు దున్నేవాని పేరు జాబితాలో లేదు. నాట్లు వేసిన కూలీ ఊసే లేదు.

వ్యవసాయానికిచ్చే ఏ సహాయంలోనైనా కౌలుదారుకు, కూలీకి చట్టబద్ధమైన వాటా ఉండాలనీ, కూలి బకాయిపడిన యజమానికి చెల్లింపు నిలిపివేయాలనీ మేము డిమాండు చేస్తున్నాము. జిల్లా సంఘాలు తమ గ్రామాలలో ఈ సొమ్ము ఎవరికెంత ముట్టిందో సమాచార హక్కు చట్టం కింద లెక్కలు రాబట్టి కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.