తినకూడని పంట

ఆల్చిప్ప అనగానే మన తెలుగువాళ్ళకి రెండే గుర్తొస్తాయి. ఒకటి కథానాయిక కళ్ళు, రెండోది స్వాతి చినుకు. స్వాతి కార్తెలో కురిసిన చుక్క ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని చిన్నప్పుడు అందరం విన్నదే. నేను చెప్పబోయే ఆల్చిప్పల మీద మాత్రం వాన పడితే మురుగు వచ్చి పడుతుంది. అవి ఉండేది న్యూయార్క్ హార్బర్‌లో.

ఆ ఊళ్ళో దాదాపు 60 శాతం ప్రాంతంలో వాననీళ్ళూ, ఇళ్ళల్లోంచి వచ్చే మురుగూ ఒకే పైపులో పోతాయి. మామూలు రోజుల్లో అదంతా శుద్ధి ప్లాంటుకి వెళ్తుంది. గట్టి వాన పడిందంటే ప్లాంటు తట్టుకోలేదు. పట్టనిదంతా శుద్ధి కాకుండానే హార్బర్‌లో కలుస్తుంది. సివిల్ వాళ్ళకి ఇది కొత్త కాదు, కంబైన్డ్ సూయర్ అని పరీక్షలో రాసిందే. అలాంటి నీళ్ళల్లో ఆల్చిప్పల్ని మళ్ళీ పెంచడానికి వేలమంది వాలంటీర్లు సెలవురోజులు ఖర్చుపెడుతున్నారు. అందులో ఒక్క ఆల్చిప్పనైనా ఎవరూ తినడానికి లేదు. తింటే ఆస్పత్రి పాలే.

మరి ఎందుకు చేస్తున్నట్టు? ఇది తెలివైన పనేనా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తెలివైన పనే, కానీ అందరూ చెప్పే కారణం వల్ల కాదు.

ముందు కొంచెం చరిత్ర. ఒకప్పుడు ఆ హార్బర్ ఆల్చిప్పలకి పెట్టింది పేరు. 19వ శతాబ్దంలో మన దగ్గర మిర్చి బజ్జీ దొరికినట్టు అక్కడ వీధి బండ్ల మీద ఆల్చిప్పలు దొరికేవి. కూలివాడూ తిన్నాడు, కోటీశ్వరుడూ తిన్నాడు. మన్‌హాటన్‌లో పెర్ల్ స్ట్రీట్ అనే వీధికి ఆ పేరు ఒడ్డున పోగుపడిన చిప్పల వల్లే వచ్చిందంటారు. తిన్నంత తిన్నారు. మిగిలిన చిప్పల్ని కాల్చి సున్నం చేశారు, రోడ్లకి పరిచారు. ఇంకోపక్క ఊరి మురుగంతా అదే నీళ్ళల్లోకి వదిలారు. తిన్నవాళ్ళకి టైఫాయిడ్ రావడం మొదలైంది. 1927లో ఊళ్ళో మిగిలిన చివరి ఆల్చిప్పల క్షేత్రాన్ని కూడా మూసేశారు. 1972లో అమెరికా క్లీన్ వాటర్ యాక్ట్ తెచ్చాక నీళ్ళు నెమ్మదిగా మెరుగుపడ్డాయి. ఆల్చిప్పలు మాత్రం వాటంతట అవి తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదో తెలిశాకే నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది. పిల్ల ఆల్చిప్ప పుట్టిన రెండు మూడు వారాలు నీళ్ళల్లో తేలుతూ తిరుగుతుంది. తర్వాత ఏదో ఒక గట్టి వస్తువుకి అంటుకోవాలి. అంటుకుందంటే ఇక జన్మంతా అక్కడే, కదలదు. దానికి బాగా నచ్చే గట్టి వస్తువు ఇంకో ఆల్చిప్ప చిప్ప. అంటే తాతల చిప్పల మీద మనవలు ఇల్లు కట్టుకుంటారన్నమాట. తాతల చిప్పలన్నీ ఊరివాళ్ళు పట్టుకుపోయాక అడుగున మిగిలింది బురద. పునాది లేని చోట ఇల్లు ఎలా లేస్తుంది?

ఆ పునాది వేసే పనిని 2014 నుంచి బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ అనే సంస్థ చేస్తోంది. గవర్నర్స్ ఐలాండ్ అనే చిన్న దీవిలో ఉన్న న్యూయార్క్ హార్బర్ స్కూల్ అనే ప్రభుత్వ హైస్కూల్లోంచి పుట్టిన సంస్థ ఇది. 2035కల్లా 100 కోట్ల ఆల్చిప్పల్ని హార్బర్‌లో వేయాలన్నది లక్ష్యం. ఇప్పటిదాకా 10 కోట్లకు పైగా వేశారు. రెస్టారెంట్లలో జనం తిని పారేసిన చిప్పల్ని సేకరించి, దీవి మీద కుప్పలు పోసి, దాదాపు ఏడాది పాటు ఎండకీ వానకీ వదిలేస్తారు. శుభ్రమైన చిప్పల్ని ట్యాంకుల్లో వేసి హేచరీ పిల్లల్ని వదులుతారు. పిల్లలు అంటుకున్నాక ఆ చిప్పల్ని హార్బర్ అడుగుకి చేరుస్తారు.

మా పెద్దమ్మ కూతురు జెర్సీ సిటీలో ఉంటుంది. అప్పుడప్పుడూ శనివారాలు ఫెర్రీ ఎక్కి ఆ దీవికి వెళ్తుంది. "అక్కడ ఏం చేస్తావక్కా?" అని ఫోన్లో అడిగాను.

"పారతో చిప్పల కుప్ప తిరగెయ్యడం. ఇనుప బుట్టల్లో నింపడం. అంతేరా."

"కంపు కొట్టదా?"

"ఏడాది ఎండిన చిప్పకి కంపేంటి? కొత్త కుప్ప దగ్గరికి రా, చెప్తా నీ సంగతి."

"ఇప్పటిదాకా ఎన్ని పెంచుంటావు?"

"నేను పెంచిందేం లేదు. కొలిచానంతే."

నా మటుకు ఈ వ్యాసానికి మూలం ఆ చివరి మాటే. హార్బర్ చుట్టూ రేవు గట్ల నుంచి నీళ్ళల్లోకి బోనులు వేలాడదీసి ఉంటాయి. వాలంటీర్లూ, బడి పిల్లలూ వాటిని పైకి లాగి ఎన్ని బతికున్నాయి, ఎన్ని చచ్చాయి, ఒక్కోటి ఎన్ని మిల్లీమీటర్లు పెరిగింది అని కొలిచి రాస్తారు. కాలిపర్స్‌తోనే. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం తిట్టుకుంటూ పట్టుకున్నామే, దాని చుట్టమే.

ఇక వ్యతిరేక వాదనలకి వద్దాం. అవి బలమైనవే.

మొదటిది లెక్కల గొడవ. ఒక పెద్ద ఆల్చిప్ప రోజుకి 50 గ్యాలన్లు, అంటే సుమారు 190 లీటర్ల నీటిని వడకడుతుందని ప్రతిచోటా రాస్తారు. అది అన్నీ అనుకూలంగా ఉన్న రోజున వచ్చే గరిష్ఠ సంఖ్య, బైకు కంపెనీవాడు చెప్పే మైలేజీ లాంటిది. చలికాలంలో అది దాదాపు పని మానేస్తుంది. పైగా వడకట్టడం వేరు, శుద్ధి చేయడం వేరు. నీళ్ళల్లోని నాచునీ, మట్టి రేణువుల్నీ తీస్తుంది, కొంత నైట్రోజన్‌ని తన ఒంట్లోనూ చిప్పలోనూ దాచుకుంటుంది. మురుగులోని క్రిములు దాని కడుపులోకే చేరతాయి. అందుకే తినకూడదు. కాబట్టి 190ని 100 కోట్లతో గుణించి "హార్బర్ శుభ్రం" అనేవాళ్ళని నేను నమ్మను.

రెండోది ప్రమాదం సంగతి. 2010లో న్యూజెర్సీ ప్రభుత్వం కలుషిత నీళ్ళల్లో ఇలా పెంచడాన్ని ఆపేసింది. ఎవరైనా దొంగతనంగా తీసుకెళ్ళి అమ్మితే, తిన్నవాళ్ళకి జబ్బు చేస్తే, రాష్ట్రంలోని ఆల్చిప్పల వ్యాపారం మొత్తం దెబ్బతింటుందని వాళ్ళ భయం. న్యూయార్క్ న్యూజెర్సీ బేకీపర్ అనే సంస్థ కీపోర్ట్ దగ్గర వేసినవాటిని తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఆ పనిని సాయుధ కాపలా ఉండే నౌకాదళ స్థావరం దగ్గరికి మార్చుకున్నారు. నవ్వొచ్చినా, ప్రభుత్వం భయం అర్థంలేనిది కాదు.

మూడోది నన్ను బాగా ఆలోచింపజేసింది. పైపులు బాగుచేయాల్సింది నగరపాలక సంస్థ. జనం పారలు పట్టుకుని చిప్పలు తిరగేస్తుంటే అసలు బాధ్యత ఉన్నవాళ్ళు చల్లగా తప్పించుకోరా?

తప్పించుకునే ప్రమాదం ఉంది. కానీ ఒక్కసారి ఆ బోను పైకి లాగిన మనిషిని ఊహించుకోండి. పోయిన నెల తను కొలిచిన పిల్లల్లో ఎన్ని పోయాయో చేతిలో లెక్క ఉంది. ఇకమీదట గట్టి వాన పడ్డ ప్రతిసారీ ఆ మనిషికి పైపు గుర్తొస్తుంది. పన్ను కడుతున్న నీళ్ళు ఎటు పోతున్నాయో తెలుస్తుంది, అడగడం వస్తుంది. రేవు పక్కనే పుట్టి పెరిగి, ఆ నీళ్ళని ఎప్పుడూ ముట్టుకోని పిల్లలున్న ఊరది. అలాంటి చోట నీళ్ళ గురించి అడిగేవాళ్ళు పుట్టుకురావడమే నా దృష్టిలో అసలు పంట. ఆల్చిప్పలు వాళ్ళకి పాఠ్యపుస్తకం. పైపుల పని పైపులే చేయాలి. ఆ పైపుల పని ఆగితే గొంతెత్తడానికి లెక్క తెలిసిన జనం కావాలి కదా!

ఇంజనీర్లు కూడా ఈ పోలికనే పాటిస్తున్నారు. 2012లో శాండీ తుఫాను స్టాటెన్ ఐలాండ్‌ని ముంచేశాక, అక్కడ లివింగ్ బ్రేక్‌వాటర్స్ పేరుతో రాతి కట్టలు కట్టారు. 2024లో పూర్తయ్యాయి. అలల దెబ్బని ఆపేది రాయే. చేపలకీ ఆల్చిప్పలకీ చోటు దొరికేలా ఆ రాళ్ళ మధ్య సందులు వదిలారు. ఎవరి పని వాళ్ళదే, ఒకరు ఇంకొకరికి బదులు కాదు.

ఇదంతా మనకెందుకంటారా? మనలో కొందరు రెండేళ్ళలో ఎమ్మెస్‌కి ఆ చుట్టుపక్కలకే వెళ్తారు. వీలైతే ఒక శనివారం ఆ దీవికి వెళ్ళి రండి. ఇక్కడే ఉండేవాళ్ళకి నాదొక విన్నపం. మన కాలేజీల్లో సర్వీస్ అంటే బ్యానర్, టీషర్టు, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. మొక్క నాటిన ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. ఆ మొక్క ఇప్పుడు ఎన్ని అడుగులుందో రాసిన నోట్‌బుక్ ఎవరి దగ్గరైనా ఉందా? ఈసారి ఏ క్లబ్ సర్వీస్ ప్రోగ్రాం పెట్టినా ఫొటోలు తర్వాత చూద్దాం. వచ్చే ఏడాది దీన్ని ఎవరు కొలుస్తారు అని ముందు అడుగుదాం. ఎవరూ ముందుకు రాకపోతే ఆ పేరు రాసుకునే ఖాళీలో నా పేరు రాయండి.