ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాత



ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడి, చికిత్స పొంది ఇంటికి చేరినవారి కుటుంబీకులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "మనిషి లేచి తిరుగుతున్నాడు, నమాజుకు నిలబడుతున్నాడు. ఇంకా మాత్రలెందుకు?" మేము వైద్యులము కాము. అయినా వైద్యులను అడిగి తెలుసుకొన్న నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ మాత్ర గడ్డను కరిగిస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి అది ఉన్న గడ్డను పెరగనీయదు, కొత్తది ఏర్పడనీయదు. కరిగించే పనిని, అల్లాహ్ శరీరంలోనే అమర్చిన ఏర్పాటు వారాల తరబడి నిదానంగా చేస్తుంది. కనుకనే మందు కనీసం 3 నెలలు వాడాలంటారు. ఒళ్ళు తేలికపడిందని నడుమ ఆపివేస్తే మళ్ళీ గడ్డకట్టే ప్రమాదమున్నది. 3 నెలల తరువాత ఆపాలా, కొనసాగించాలా అన్నది గడ్డ ఏర్పడిన కారణాన్ని బట్టి ఉంటుంది. శస్త్రచికిత్స వంటి తాత్కాలిక కారణమైతే ఒక విధం, ఏ కారణమూ కనబడకపోతే మరొక విధం. దీనిని తేల్చవలసినది వైద్యుడే. మందుల దుకాణంవాడు కాదు, మనమూ కాము.

3 నుండి 6 నెలల మధ్య జరిగే పరీక్షను మానరాదు. "గడ్డ పోయిందా, మళ్ళీ స్కాన్ తీయించండి" అని పట్టుబట్టేవారున్నారు. ఇబ్బందేమీ లేనివారికి సాధారణంగా ఆ అవసరముండదట. అడగవలసిన ప్రశ్న వేరు: మునుపటివలె మెట్లు ఎక్కగలుగుతున్నారా? మస్జిదు వరకు ఆగకుండా నడవగలుగుతున్నారా? 3 నెలలు సక్రమంగా మందు వాడిన పిదప కూడా ఆయాసం తగ్గకపోతే అది వయసు మహిమ అని సరిపెట్టుకొనరాదు. కొద్దిమందిలో గడ్డ కరగక, రక్తనాళం గోడకు అంటుకొని మచ్చగా గట్టిపడుతుంది. అప్పుడు గుండె కుడి భాగంపై భారం పెరుగుతుంది. దానిని ఎకో, వి/క్యూ స్కాన్ పరీక్షలతో కనుగొంటారు. తగినవారికి శస్త్రచికిత్సతో ఆ గడ్డను తొలగించే మార్గమూ ఉన్నది.

ఇక మన ఇండ్లకు సంబంధించిన విషయాలు. హిజామాపై మాకెంతో గౌరవమున్నది. కాని రక్తం పలుచబడే మందు వాడుతున్నవారి చర్మంపై గాట్లు పెడితే రక్తం త్వరగా ఆగదు. వైద్యుని అనుమతి లేకుండా చేయించరాదు. కీళ్ళనొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు స్వయంగా కొని మ్రింగడమూ అంతే. వార్ఫరిన్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పక చేయించుకొంటూ (సాధారణంగా అది 2, 3ల మధ్య ఉండాలి) ఆకుకూరలను ఒక వారం విపరీతంగా, మరొక వారం శూన్యంగా కాక ఒకే తీరున తినాలి.

రమజాన్ విషయం. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రను భోజనంతోనే తీసుకోవాలి. తొలి 21 రోజులు దానిని రోజుకు రెండుసార్లు ఇస్తారు. ఆ రోజులలో ఉపవాసానికి తొందరపడనక్కరలేదు. రోగికి ఇతర దినాలలో ఆ లెక్క పూర్తి చేసుకొనే అనుమతి దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. తరువాత రోజుకు ఒకే మాత్ర అయినప్పుడు దానిని ఇఫ్తార్ భోజనానికి మార్చవచ్చునా అని రమజాన్‌కు ముందే వైద్యుని అడగాలి.

స్త్రీల విషయంలో మరొకటి. ఈ మందులతో నెలసరి రక్తస్రావం అధికం కావచ్చు. మన ఇండ్లలో ఈ మాటను సిగ్గుతో దాచుకొంటారు, లేదా ఎవరికీ చెప్పక మాత్రనే మానివేస్తారు. రెండూ ప్రమాదమే. గర్భం దాల్చినా, దాల్చదలచినా ఆ సంగతి వైద్యునికి వెంటనే తెలియాలి. ముఖ్యంగా వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. అమ్మగాని, అత్తగారుగాని ఆమెను ఏకాంతంగా అడిగి, వైద్యురాలి వద్దకు తోడుగా వెళ్ళాలి.