అంతరిక్ష నౌక చేస్తే ఏమొస్తుందండీ?

ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చే ప్రతి వస్తువుకీ ఒక ఉపయోగం ఉండాలని ఎవరు పెట్టారో గానీ, ఆ రూలు మన ఇళ్ళల్లో గట్టిగా నడుస్తోంది. కుట్టు నేర్చుకుంటే జాకెట్లు కుట్టుకోవచ్చు, సరే. ఊరగాయలు పెడితే నలుగురికీ పంచొచ్చు, సరే. కేకులు బాగా చేస్తే "ఆర్డర్లు తీసుకోకూడదా?" అంటారు. అదే ఒక చిన్న అంతరిక్ష నౌక బొమ్మ ముందేసుకుని కూర్చుంటే, "దానివల్ల ఏమొస్తుంది?" అని అడగని వాళ్ళుండరు. ఏమీ రాదండీ. అందుకే అది చెయ్యాలంటాను నేను.

నేను చెప్పేది ముందే రంగు వేసి వచ్చే కిట్ల గురించి. స్టార్ వార్స్ సినిమాల్లో ఉండే ఎక్స్-వింగ్, మిలీనియం ఫాల్కన్ లాంటి నౌకలు అరచేతిలో పట్టేంత సైజులో దొరుకుతాయి. పెట్టె తెరిస్తే ముక్కలన్నీ కొమ్మకి చింతకాయల్లా ఒక ప్లాస్టిక్ చట్రానికి వేలాడుతూ ఉంటాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, కాగితంలో చూపించిన వరసలో గుబ్బని రంధ్రంలో పెట్టి నొక్కాలి. గమ్ము కూడా అక్కర్లేదు. ఆయన అచ్యుతాపురం షిఫ్టుకీ, పిల్లలు స్కూలుకీ వెళ్ళాక, రెండు మధ్యాహ్నాల్లో అయిపోయే పని.

"రంగు కూడా వాళ్ళే వేసిచ్చాక ఇంక నువ్వు చేసేదేముంది?" అన్నది మొదటి విమర్శ. దీనికి జవాబు మా ఎలమంచిలి పక్కనే ఉంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే తీరు మీలో కొందరైనా చూసే ఉంటారు. అంకుడు కర్ర ముక్క లేతు మీద గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఎడ్లబండి లాంటి బొమ్మకి చక్రాలూ ఇరుసూ ఇలా విడివిడిగా రంగు పూసుకున్నాకే ఒకచోట చేరతాయి. ముందు రంగు, తరవాత జోడింపు. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కళే ఆ వరసలో నడుస్తుంటే, నా కిట్ మాత్రం దొంగపని ఎలా అవుతుంది?

పైగా ఆ రంగులు మనమే వెయ్యాలంటే థిన్నరు వాసన ఇల్లంతా పడుతుంది. వానాకాలం తడిగాలిలో లక్కర్ రంగు వేస్తే తెల్లగా పాలిపోతుంది కూడా. ఇడ్లీ పిండి బయట కొన్నామని ఇడ్లీ మనది కాకుండా పోతుందా? ఇదీ అంతే. రంగు ఉన్నా నేర్పు అవసరం పోదు. గుబ్బ మీద రంగు పొర పేరుకుంటే రంధ్రంలో దూరదు. బలంగా తోస్తే విరుగుతుంది, సన్నగా గీకితే చక్కగా కూర్చుంటుంది. చట్రం నుంచి కత్తిరించిన చోట రంగు లేచి మచ్చ పడుతుంది. అందుకే ముక్కకి ఆనించి కాకుండా కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొనని నెమ్మదిగా అరగదియ్యాలి. వంకాయ తొడిమ తీసే చేతికి ఇది కొత్త విద్యేం కాదు.

"పిల్లల ఆట కదా" అనేవాళ్ళకి ఒక మాట. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ కోసం మిలీనియం ఫాల్కన్ నమూనా చేసినవాళ్ళు యుద్ధ ట్యాంకులు, విమానాలు, కార్ల కిట్లు కొని, వాటి ముక్కలు పీకి ఆ నౌకకి అతికించారు. ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. పెద్దవాళ్ళు జీతం తీసుకుని చేస్తే కళ, ఇల్లాలు మధ్యాహ్నం చేస్తే కాలక్షేపం!

"ఏటికొప్పాక ఉండగా ప్లాస్టిక్ ఎందుకు?" అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. నేనూ ఆ బొమ్మలు కొంటాను, పెళ్ళిళ్ళకి కానుకగా ఇస్తాను. కానీ అది వేరొకరి చేతి నైపుణ్యం, నేను చూసి ముచ్చటపడేది. ఇది నా చేతులకి పని. అందుకని కిట్లు గుట్టలుగా కొనమనను. ఏడాదికి ఒకటి చాలు, దాన్ని పదికాలాలు దాచుకుంటే మరీ మంచిది.

డబ్బు గురించి మా అత్తయ్య అడిగారు. ఇంటిల్లిపాదీ ఒకరోజు విశాఖ వెళ్ళి బీచ్ చూసి, హోటల్లో తిని వచ్చే ఖర్చుకి మించదని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు గానీ, మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుని "ఈ రెక్క అటు కదా?" అన్నారు. అటే.

అసలు సంగతి పిల్లలది. అమ్మ ఎప్పుడూ ఎవరికోసమో ఏదో చేస్తూనే కనిపిస్తే, అమ్మంటే అంతే అనుకుని పెరుగుతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. రేపు వాళ్ళూ తమకంటూ ఒక గంట తీసుకోవడానికి జంకుతారు. "ఇది నాది, పూర్తయ్యేదాకా ముట్టుకోకండి" అని అమ్మ నోట ఒక్కసారి వినడం వాళ్ళకి మంచిదే. నేర్పమని అడిగితే నేర్పండి, కానీ మీ పెట్టె మాత్రం వదులుకోకండి. వాళ్ళకి కావాలంటే ఇంకోటి కొనివ్వండి.

నౌకలు నచ్చకపోతే కల్కి సినిమాలో బుజ్జి లాంటి బండి చేసుకోండి, ఇల్లు చేసుకోండి, ఏదైనా సరే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళయితే దాన్ని లక్క బొమ్మల పక్కనే ఒక మెట్టు మీద నిలబెట్టండి. పేరంటానికి వచ్చినవాళ్ళు "ఇదేంటి వదినా?" అని అడుగుతారు. ఉపయోగం ఏమిటో చెప్పే ప్రయత్నం చెయ్యకండి. "నేను చేశాను" అంటే చాలు.