కొనితెచ్చుకొన్న ప్రాచీనత

పూర్వపు సంస్కర్తలు మన పెండ్లిండ్లలోని పాత దురాచారములతో పోరాడిరి. మనము నేడు పోరాడవలసినది పాతదానితో కాదు. పాతదను పేరుపెట్టి క్రొత్తగా అమ్మబడుచున్న దానితో. ఇది చిన్న విషయమని కొందరు నవ్వవచ్చును. ఆడవారి చీరలను గూర్చి బడిపంతులునకేమి పని యని మరికొందరు విసుగుకొనవచ్చును. చీర యొక్కటియే యైనచో నేనును కలము పట్టకపోదును. దాని వెంట అప్పు వచ్చుచున్నది, అబద్ధము వచ్చుచున్నది, నేతగాని యింట పొయ్యి చల్లారుచున్నది. కావున చదువరులు కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

వివాహము నిశ్చయమైన యింట ఇప్పుడు మొదట తెరువబడునది పంచాంగము కాదు, ఫోను. మా ఎర్రగుంట్ల నాపరాళ్లకును సిమెంటునకును పేరుపడిన యూరు. బంగారు వర్తకమునకు ప్రసిద్ధికెక్కిన ప్రొద్దుటూరు మాకు పొరుగుననే యున్నది. అయినను మా వీథులలో పెండ్లికూతుండ్రు రాత్రి భోజనమైన తరువాత తెరమీద వ్రేలు జరుపుచు, 'వింటేజి' చీరలను, 'యాంటిక్' హారములను, అమ్మమ్మలనాటివని వర్ణింపబడిన రవికలను, రాణులనాటివని చెప్పబడిన గాజులను ఎంచుకొనుచున్నారు. నాలుగైదు దినములలో అవి అట్టపెట్టెలలో గుమ్మము ముందర వ్రాలుచున్నవి. ఎక్కడ పుట్టినవో, ఎవరు చేసినవో, దేనితో చేసినవో పెట్టెను విప్పినవారు ఎరుగరు. ఎరుగవలెనన్న కోరికయు లేదు. చిత్రములో చూచినట్లున్నదా లేదా యన్నదొక్కటియే విచారము.

'వింటేజి' అను మాట ఇంగ్లీషున ద్రాక్షపండ్ల కోతకు పేరు. ఏ సంవత్సరపు ద్రాక్షతో చేసిన మద్యమో ఆ సంవత్సరమును సీసాపై వ్రాయుదురు; ఆ సంవత్సరమునకే ఆ మాట వర్తించును. తరువాత అది బండ్లకును బట్టలకును ప్రాకినది. అయినను దానిలోని ప్రాణము సంవత్సరమే. సంవత్సరము చెప్పలేనిది వింటేజి కానేరదు. మన పెండ్లికూతురు కొన్న చీర ఏ సంవత్సరపుదని యడిగినచో సత్యమైన ఉత్తరము ఒక్కటే: క్రిందటి మాసమునది. అమ్మువారును ఈ సంగతి ఎరుగుదురు. కావుననే పాతదానిని 'అనుసరించినది' యని చిన్న యక్షరములలో వ్రాసి, పెద్ద యక్షరములలో పాతదనమునే అమ్ముచున్నారు. కొనువారు పెద్ద యక్షరములనే చదువుచున్నారు.

నిజముగా పాతది మన యింట లేదా? ఉండెను. దానినేమి చేసితిమో జ్ఞప్తికి తెచ్చుకొందము. పాత పట్టుచీరలు కొంటామని వీథిలో కేకవేయుచు వచ్చువానిని ఎరుగని యూరున్నదా? వానికి మన తల్లుల పెండ్లిచీరలు ఇచ్చి, ఒక స్టీలు బిందెయో, నాలుగు నోట్లో పుచ్చుకొంటిమి. వాడు ఆ చీరలను ఏల కొనెను? ఆ కాలపు మేలైన జరీ, వెండితీగెను సన్నని రేకుగా అణచి, పట్టుదారముపై చుట్టి, బంగారు పూత పట్టించినది. అంచులను కాల్చి కరగించినచో వెండి మిగులును. ఆ వెండికొరకే మన తల్లుల పెండ్లి నిప్పులో పడినది. అట్లే కాసులపేరు పాతబడినదని కరగించి క్రొత్త గొలుసు చేయించితిమి. వంకీలు మోటుగా నున్నవని మార్చితిమి. గుత్తపూసలు, నాగరము, రాగిడి ఎవరు ధరింతురని యమ్మితిమి. అమ్మమ్మ సొత్తును స్టీలుబిందెకు ఇచ్చినవారము, ఇప్పుడు ఆమె సొత్తువలె నుండు బొమ్మను వేలరూపాయలకు తెప్పించుకొనుచున్నాము. లోకమున ఇంతకంటె వింతైన వర్తకము కలదా?

ఆ బొమ్మ దేనితో చేయబడినదో చూతము. పట్టనబడు బట్ట పెక్కుమారులు పాలిస్టరు. జరీయనబడునది రాగితీగెపై పూతయో, లోహపు వన్నె పూసిన ప్లాస్టిక్కు పొరయో. నేతలో పుట్టవలసిన పువ్వు యంత్రముతో అచ్చువేయబడినది. హారము ఇత్తడిది, దానిపై బంగారు పూత, ఆ పూతపై, గుంటలలో మాత్రము నిలుచునట్లు నల్లని రంగు. మన పూర్వుల నగల గుంటలలో ఆ నలుపు ఏబది సంవత్సరముల పసుపుతోను, చెమటతోను, దీపపు మసితోను ఏర్పడినది. ఇక్కడ అది ఒక్క పూటలో మందునీటితో ఏర్పడుచున్నది. ఒక స్త్రీ జీవితమంతయు ధరించుటవలన వచ్చిన వన్నెను జీవితము లేకయే తెచ్చుకొనుట యన్నమాట.

ఇక్కడ నామాటను ఎవరును అపార్థము చేసికొనరాదు. పూతనగ పెట్టుకొన్న పేదపిల్లను నేను ఎగతాళి చేయుట లేదు. అప్పుచేసి కొన్న బంగారముకంటె అప్పులేని ఇత్తడి వేయిరెట్లు మేలు. ఇత్తడిని ఇత్తడియని చెప్పి అమ్మువాడు సత్యసంధుడు. ఇత్తడినని చెప్పి ధరించునామె ధైర్యవంతురాలు. తప్పు లోహమున లేదు, పేరున నున్నది. పట్టుకాని దానికి పట్టని పేరు, చేనేత కాని దానికి చేనేతయని పేరు, నిన్నటిదానికి నూరేండ్ల పేరు. మనము పిల్లలకు అబద్ధమాడరాదని బడిలో చెప్పుచు, వారి జీవితములలో మిక్కిలి పవిత్రమని యెంచు దినమున వారి యొడలినే యొక యబద్ధమునకు ప్రకటనపలకగా చేయుచున్నాము.

ఆ పేరు దొంగిలింపబడినది ఎవరియొద్ద నుండి? ధర్మవరపు పట్టు మనకు దూరము కాదు. కడప మండలముననే మాధవరమున మగ్గములున్నవి. వెంకటగిరి, ఉప్పాడ జాందానీ, ధర్మవరపు చీరలు, ఈ మూడింటికిని భౌగోళిక గుర్తింపు కలదు; అనగా ఆ పేరు ఆ చోటివారి సొత్తని చట్టము ఒప్పుకొన్నది. చేనేతకు కొన్ని వస్త్రవిధములను ప్రత్యేకించుచు 1985లో కేంద్రప్రభుత్వము ఒక శాసనమును చేసినది. అయినను జాందానీ పువ్వును ఛాయాచిత్రమునుండి తీసి యంత్రపుబట్టపై అచ్చువేయుటకు ఒక్క పూట చాలును. దానిని నేయుటకు నేతగాని కుటుంబమునకు వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టును. రెండును ఒకే తెరమీద, ఒకే పరిమాణపు బొమ్మలుగా, ప్రక్కప్రక్కన నిలుచున్నవి. వేలితో తాకిన తెలియు భేదము వేలితో జరిపిన తెలియదు. ఇక గెలుచునది చౌకయే గదా! 2009–10 నాటి చేనేత గణనలో దేశమున ఈ వృత్తివారు 43 లక్షలకు పైగా నుండిరి. 2019–20 నాటి గణనలో 35 లక్షలకు కొంచెము పైగా మాత్రమే తేలిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. ఈ క్షయమునకు కారణములు పెక్కులున్నవి. నకలు వానిలో నొకటి. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ వ్రతము పట్టిన దినమును స్మరించుచు 2015నుండి మనము జాతీయ చేనేత దినమును జరుపుచున్నాము. ఆ దినమున సభ చేసి, మరునాడు పాలిస్టరు జాందానీ తెప్పించుకొనుట వ్రతము కాదు.

పాతదనమే కావలెనన్న వారికి మన పెండ్లిలో నిజమైన పాతది యొకటి కలదు, దానిపేరు మధుపర్కము. పెండ్లికి వచ్చిన వరుని పూజ్యుడైన అతిథిగా నెంచి తేనెతోను పెరుగుతోను సత్కరించుట గృహ్యసూత్రములనాటి యాచారము. ఆ సమయమున నిచ్చు వస్త్రములకే తెలుగువారు మధుపర్కములను పేరు పెట్టుకొనిరి. తెల్లని నూలుబట్ట, ఎఱ్ఱని అంచు, అంతే. కలవారి పిల్లయు లేనివారి పిల్లయు ముహూర్తమున ఒకే విధమైన నూలుబట్టతో కూర్చుండుట ఎంత గంభీరమైన భావము! మనవారు దానినేమి చేసిరి? ఛాయాచిత్రమున వన్నె రాదని పది నిముషములలో విప్పించి, ప్రాచీనమని పేరుగల పదునెనిమిది రంగుల చీరను కట్టించుచున్నారు. నలుగునాడును అంతియే. పసుపు మరక పోదని మన పెద్దలు ఆనాడు ఇంటిలోని పాతచీర కట్టబెట్టెడివారు. ఇప్పుడు దానికి 'హల్దీ' యని పేరు మారినది. పసుపుతో పాడగుటకై పచ్చని క్రొత్తబట్టలు ఇంటిల్లిపాదికిని వచ్చుచున్నవి.

ఇట్లు ఒక్క పెండ్లి అయిదారు ముక్కలైనది. ప్రతి ముక్కకును ఒక వేషము. ప్రతి వేషమునకును నగలు, చెప్పులు, చేతిసంచి. పెండ్లికి ముందే గండికోట గోడలచెంత, పెన్న లోయయొడ్డున, రాజకాలపు వేషములతో ఛాయాచిత్రములు తీయించుకొనుట వేరొక ముక్క. కోట చూడదగినదే, దాని ముందర నద్దె వేషముతో నిలుచుటవలన ఎవరికిని చరిత్ర యబ్బదు. ఈ సొమ్మంతయు ఎక్కడనుండి వచ్చును? మాది వానకు ముఖము వాచిన సీమ. శనగయో ప్రత్తియో ఒక యేడు పండి రెండేండ్లు ఎండును. కట్నము 1961 నుండియు చట్టవిరుద్ధమైనను అది పోలేదు. దానిపైని ఈ క్రొత్త కట్నము చేరినది. దీనిని వరుడు అడుగడు, అత్తగారు అడుగరు, తెర యడుగును. అడుగువాని ముఖము కనబడదు గనుక కాదనుటకును తావులేదు. ఒక్కొక్క వస్తువు వేయి రూపాయలే గదా, వాయిదాలలో కట్టవచ్చును గదా యని తండ్రి తల యూపుచుండును. అన్నియు కూడిన తరువాత గాని అది ఎన్ని సేద్యపు సంవత్సరముల ఫలమో వానికి తెలియదు.

దీనికి ప్రతివాదులు చెప్పు మాటలు మూడు. ఫోనులో కొనుటవలన స్త్రీలకు స్వాతంత్ర్యము కలిగినదనుట మొదటిది. ఇది చాలవరకు సత్యము. పూర్వము పెండ్లిచీరను పదిమంది పెద్దలు ఎంచెడివారు. కట్టుకొను పిల్ల నడిగినవారు లేరు. ఇప్పుడు ఆమె తానే యెంచుకొనుచున్నది. నేతగాండ్రు సయితము మధ్యవర్తి లేక తమ చీరలను ఫోనులో చూపి అమ్ముచున్నారు. ఈ సాధనమును పారవేయుమని నేననను. కాని ఎంచుకొనుట యనగా తెలిసి ఎంచుకొనుట. వస్తువేదో తెలియక, చిత్రము చెప్పినట్లు కొనునామె పెద్దల యాజ్ఞ తప్పి ప్రకటనకర్త యాజ్ఞలో పడినదే కాని స్వతంత్రురాలు కాలేదు.

సంస్కర్తయైనవాడు పాతదానిని వెనకవేసికొని వచ్చుట యేమి యనుట రెండవది. పాతదైనంత మాత్రమున మంచిదియు, క్రొత్తదైనంత మాత్రమున చెడ్డదియు కాదని కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోనే తేల్చినాడు. పరీక్షించి గ్రహింపుమని ఆయన బోధ. నేను కోరునదియు పరీక్షయే. బాల్యవివాహము పాతది, పోవలసినదే. మధుపర్కము పాతది, ఉండదగినదే. పాలిస్టరు ప్రాచీనత పాతదియు కాదు, క్రొత్తదియు కాదు. దానికి పరీక్షలో నిలుచు చోటే లేదు.

ఒక్కనాటి ముచ్చట, పిల్ల సంతోషము చెరుపనేల యనుట మూడవది. సంతోషమును నేను చెరుపను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు జరిపించిన తొలి వితంతు వివాహమును మనము నేటికిని తలచుకొనుచున్నాము. ఆనాటి వధువు ఏ చీర కట్టెనని ఎవరైన అడుగుచున్నారా? పెండ్లిని స్మరణీయము చేయునది అందలి ధైర్యము, సమ్మతి, స్నేహము. అవి యున్నచోట నూలుబట్టయు శోభించును. అవి లేనిచోట జరీయు మసకబారును.

కావున గృహస్థులకు నా విన్నపములు కొన్ని. మొదట ఫోను తెరువక పెట్టె తెరువుడు. తల్లిచీర, మేనత్త రవిక, అవ్వ కమ్మలు మిగిలియున్నచో వానిని బాగుచేయించి కట్టుకొనుడు. అంచు చినిగినచో క్రొత్త బట్టపై అతికించవచ్చును. కొనకతీరనిచో మూడు ప్రశ్నలు వేయుడు: ఎక్కడిది? ఏ దారముది? ఎవరు చేసినది? చేనేత గుర్తును, పట్టునకు సిల్కుమార్కును, బంగారమునకు హాల్‌మార్కుతోకూడ ఆరక్షరముల సంఖ్యను చూడుడు. పట్టుదారము కాల్చినచో వెండ్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడియగును. పాలిస్టరు కరగి గట్టి పూసయగును. ఇది ఇంటిలో ఆడపిల్లయైనను చేయగల పరీక్ష. ఫోను అంగళ్లను గూర్చి 2020లో వెలువడిన నిబంధనల ప్రకారము అమ్మువాని పేరును, వస్తువు పుట్టిన దేశమును చూపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను. ఒక మాసములో దానిని తీర్చవలెను. మోసపోయినవారు సిగ్గుపడి ఊరకుండక 1915 అను సంఖ్యకు ఫోను చేయవలెను. మన మౌనమే వారి మూలధనము.

చివరకు ఒక్క మాట. ముప్పది సంవత్సరముల తరువాత ఇప్పటి పెండ్లికూతురి కుమార్తె తన తల్లి పెట్టె తెరచును. అప్పుడు ఆమె చేతికి చిక్కునది ఏమి? పాలిస్టరు చుట్టయు, వన్నె తొలగిన ఇత్తడియు చిక్కినచో దానిని స్టీలుబిందెకైనను ఎవరును తీసికొనరు. ఒక్క మంచి నేతచీర, దానిని నేసిన యూరి పేరు, దానిని అప్పులేక కొన్న తండ్రి వివేకము చిక్కినచో అది నిజమైన ప్రాచీనత. ప్రాచీనతను కొనుట ఎవరికిని సాధ్యము కాదు. నేడు మంచిదానిని కొని, దాచి, రేపటివారికి ఇచ్చుట మాత్రమే మన చేతిలోనిది.