కనబడని వెలుగు, కనబడే మచ్చ

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాడికి వైద్యం గొడవ ఎందుకయ్యా అని మీరడగవచ్చు. మొన్నమొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నాను. కాని ఇంట్లో ఆడపిల్ల చెంప మీద పావలా కాసంత తెల్లమచ్చ తేలిన నాడు, తెలుగు ఎమ్మేలు కూడా వైద్యం చదవక తప్పదు సుమండీ!

ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. చదువుకున్నది, ఉద్యోగం చేసుకుంటున్నది. ముందు కుడికంటి పక్కన ఒక మచ్చ వచ్చింది. ఆ తరువాత వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. మా చెల్లెలు ఫోనులో ఏడుస్తూ, “అన్నయ్యా, సంబంధం ఖాయమయ్యేటట్టున్నది. ఇప్పుడే ఇలా కావాలా!” అన్నది. అప్పుడు నేనిచ్చిన సలహా ఏమిటనుకున్నారు? “కాస్త పౌడరు దట్టంగా వేయించు. మూడు ముళ్లు పడ్డాక చూసుకుందాం” అన్నాను. ఇరవయ్యేళ్లుగా పిల్లలకు నీతిపద్యాలు చెబుతున్నవాణ్ణి నేనే!

ఈ లోపల ఎవరో బావంచాల నూనె ఇచ్చారట. రాసుకొని ఎండలో కూర్చోమన్నారట. ఇచ్చినవారి పేరు మనకెందుకు గాని, పిల్ల మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చున్నది. మర్నాటికి చెంప మీద బొబ్బలు లేచాయి. అప్పుడు గాని చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లలేదు. తోడు వెళ్లినవాణ్ణి నేను.

డాక్టరమ్మ బావంచాలను ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. “మందు మంచిదే, మాస్టారూ. మోతాదే తెలియదు” అన్నారు. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉన్నదట. బావంచాల మొక్క శాస్త్రీయ నామం సొరాలియా కనుక దానికా పేరు వచ్చింది. అది చర్మంలోకి ఇంకితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మం ఎన్నో రెట్లు లొంగిపోతుంది. మన ఆయుర్వేదం ఈ కిటుకు ఏనాడో పట్టుకున్నది. 1970ల తరువాత ఇదే పదార్థాన్ని మాత్రగా మింగించి, కొలిచి కొలిచి దీపకాంతి చూపే వైద్యం ప్రపంచమంతా వ్యాపించింది. కాని మన ఎండను కొలిచేదెవరు? మబ్బు పట్టిన రోజు ఒక తీరు, రోహిణీకార్తెలో ఒక తీరు.

నేను మెల్లగా, “ఇది కుష్టు జాతిది కాదు గదా?” అని అడిగాను. డాక్టరమ్మ నవ్వి, “మీ పుస్తకాలే ఆ చిక్కు తెచ్చిపెట్టాయి” అన్నారు. నిజమే. పాత వైద్య గ్రంథాల్లో శ్విత్రాన్ని కుష్ఠంతో కలిపి చెప్పారు. దానితో ‘తెల్లకుష్టు’ అనే అన్యాయమైన మాట పుట్టి, ఎన్ని పెళ్లిళ్లను చెడగొట్టిందో! మన తెలుగు మాట ‘బొల్లి’లో ఆ విషం లేదు. బొల్లి ఆవు అంటే తెల్లమచ్చల ఆవు. దాని పాలు తాగడానికి మనకు ఏ అభ్యంతరమూ లేదు గదా! బొల్లి అంటువ్యాధి కాదు. కుష్టుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఒంటిని కాపాడవలసిన రక్షక కణాలు పొరబడి, చర్మానికి రంగు తయారుచేసే కణాల మీదనే పడతాయి. కావలివాడే ఇంటివాణ్ణి కొట్టినట్లన్నమాట.

దీనికి డాక్టరమ్మ చెప్పిన చికిత్స ఎక్సైమర్ లేజరు. లేజరంటే కోసేదో కాల్చేదో అని మా చెల్లెలు బెదిరిపోయింది. ఇది కోయదు, కాల్చదు. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని 308 నానోమీటర్ల పొడవున్న ఒకే తరంగంగా ఏరి, మచ్చ మీద మాత్రమే పడేటట్లు చేస్తుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.

ఆ వెలుగు పుట్టే పద్ధతి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. జెనాన్ అని ఒక వాయువున్నది. అది ఘోటక బ్రహ్మచారి. మామూలుగా ఎవరితోనూ కలవదు. దానిని క్లోరిన్ పక్కన పెట్టి, బలమైన విద్యుత్తు పారిస్తే, ఆ ఉద్రేకంలో ఆ రెండూ జతకడతాయి. ఆ కాపురం సెకనులో వంద కోట్ల వంతులు కొన్ని నిలిస్తే గొప్ప. వెంటనే విడిపోతాయి. విడిపోతూ విడిపోతూ వెలుగు విరజిమ్ముతాయి. లోకంలో కాపురాలు కూలితే చీకటే గాని, ఇక్కడ మాత్రం వెలుగు!

ఈ జాతి లేజరును మొదట 1970లో మాస్కోలో బాసోవ్ బృందం వెలిగించింది. దీని అన్నగారొకడున్నాడు. ఆర్గాన్, ఫ్లోరిన్ కలిస్తే పుట్టేవాడు. అతని తరంగం 193 నానోమీటర్లు. అతను నిజంగానే కోస్తాడు. అమెరికాలో ఐ.బి.యం. పరిశోధనాలయంలో మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ గారుండేవారు. 1981 నవంబరులో వారి దేశపు పండుగ మర్నాడు, ఇంట్లో మిగిలిన టర్కీకోడి ముక్క తెచ్చి ఆ వెలుగు కింద పెట్టారు. చుట్టుపక్కల ఏమాత్రం మాడకుండా, గీత గీసినట్లు తెగింది. శ్రీనివాసన్, వైన్, బ్లమ్ గార్లు కలిసి కనిపెట్టిన ఈ సంగతే తరువాత కళ్లద్దాలు తీయించే లేజరు శస్త్రచికిత్సకు మూలమయింది. 2013లో వారు ముగ్గురూ అమెరికా అధ్యక్షుని చేతుల మీదుగా జాతీయ పతకం అందుకున్నారు. పండుగ మర్నాడు మన ఇంట్లో మిగిలిన పులిహోర వల్ల ఇంత ఉపకారం జరిగిందా చెప్పండి!

తమ్ముడు 308 మాత్రం సాధువు. 1997లో హంగరీ దేశపు వైద్యులు దానిని సోరియాసిస్ మచ్చల మీద వాడి చూసి ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. 2000లో అమెరికాలో ఆ జబ్బుకు అనుమతి వచ్చింది. ఆ తరువాత బొల్లికీ వాడుకలోకి వచ్చింది. పొరబడి దాడిచేసే కణాలను అది అణచివేస్తుంది. వెంట్రుకల కుదుళ్లలో దాగి ఉన్న రంగు కణాలను తట్టి లేపుతుంది. వెలుగుతో చర్మానికి వైద్యం చేయవచ్చునని నిరూపించినందుకే డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే ఇది నిన్న మొన్నటి పిచ్చి కాదు.

వారానికి రెండుసార్లు, వరుస రోజులు కాకుండా, పిల్లను తీసుకువెళ్లేవాణ్ణి. కళ్లకు నల్లద్దాలు కట్టి, మచ్చ మీద గొట్టం ఆనించి కొన్ని క్షణాలు వెలుగు పట్టేవారు. మొదట అతి తక్కువ మోతాదు. మర్నాటికి లేత గులాబీరంగు తేలితే సరిపోయినట్లు. బొబ్బ తేలితే ఎక్కువైనట్లు. దానితో పాటు ఒక పూతమందు. మొదటి నెల ఏమీ కనిపించలేదు. మా చెల్లెలు మొక్కులు మొక్కింది. నేను యంత్రాన్ని అనుమానించాను. పదో తడవ దాటాక ఒకనాడు పిల్ల అద్దం ముందు నుంచి, “మామయ్యా!” అని కేక పెట్టింది. మచ్చ మధ్యలో నువ్వుగింజలో సగమంత గోధుమరంగు చుక్కలు నాలుగు! ఒక్కొక్క రోమకూపం చుట్టూ ఒక్కొక్క చుక్క. చుక్కలు పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, పాతిక తడవలు పూర్తయ్యేసరికి చెంప చాలా వరకు నిండింది. వేళ్ల కొసలు మాత్రం అలాగే ఉన్నాయి. అక్కడ వెంట్రుకలు లేవు కనుక మేల్కొనే కణాలూ లేవు. “ముఖం త్వరగా వింటుంది, వేళ్లు మొండివి” అన్నారు డాక్టరమ్మ. తగ్గినది మళ్లీ రాదని హామీ లేదనీ, అతినీలలోహిత కాంతి మితిమీరితే చర్మానికి చెరుపు గనుక లెక్క రాసిపెట్టాలనీ, ఒళ్లంతా మచ్చలున్నవారికి దీపాల గదే మేలనీ కూడా ఆమె ముందే చెప్పారు. నాకు ఆమె మీద గురి కుదిరింది అందువల్లనే.

ఆ రోజుల్లోనే నా పన్నొకటి పుచ్చిపోయి దంతవైద్యుని దగ్గర నోరు తెరిచాను. ఆయన సిమెంటులాంటిది పెట్టి నీలి దీపం చూపించాడు. కొత్తగా నేర్చిన విద్య ఊరుకుంటుందా! “ఇదీ అతినీలలోహితమేనా?” అన్నాను. “1970లలో అదే వాడేవారు. ఇప్పుడిది కంటికి కనబడే నీలి వెలుగే” అన్నాడు. పంటి లేజర్ల సంగతి ఇంకా తమాషా. 1965లో లియోన్ గోల్డ్‌మన్ అనే వైద్యుడు కెంపు లేజరును ప్రయోగించినది సొంత సోదరుని పంటి మీదనే. ఆ సోదరుడు దంతవైద్యుడు! అతినీలలోహిత లేజరు పంటిమీద ప్రయోగశాలల్లో చాలా పరీక్షలు చూసింది గాని, పని నెమ్మది. పంటిలోని తడిని పట్టుకొని చెక్కే ఎర్బియం లేజరు దానిని వెనక్కు నెట్టింది. అది ఎరుపుకు అవతల ఉండే పరారుణ కాంతి. కనుక లేజరన్న పేరు చూసి అన్నీ ఒకటే అనుకోకండి. ఎవరి పని వారిది.

ఇక అసలు కథ. పెళ్లివారు వచ్చారు. చెంప నున్నగా ఉన్నది. వేళ్లను కొంగు చాటున ఉంచుకొమ్మని మా చెల్లెలు సైగ చేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ చేశాను. పిల్ల కాఫీ అందించి, చేతులు ముందుకు చాచి, “ఇది బొల్లి అండీ. ముఖం మీద కూడా ఉండేది. చికిత్స చేయించుకుంటున్నాను. అంటుకోదు. మళ్లీ రావచ్చు కూడా” అన్నది. అచ్చం డాక్టరమ్మ చెప్పినట్లే, ఒక్క ముక్క తగ్గించకుండా. పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కబురు చేస్తామని వెళ్లారు. నెల దాటింది. కబురు లేదు.

మా చెల్లెలు మంచమెక్కింది. నేను ఓదార్చబోతే పిల్ల నన్నే ఓదార్చింది. “పోనీలే మామయ్యా. యంత్రం నా మచ్చనే చూసింది. నా వేళ్లు వాళ్లను చూసి చెప్పాయి. రెండూ మంచిదే గదా!”

సోమవారం మళ్లీ చికిత్సకు వెళ్లవలసిన రోజు. ఈసారి ఎవరికోసమూ కాదు, తనకోసం వస్తానన్నది. దారిలో పౌడరు డబ్బా ఏదో కొనమంటుందేమోనని అలవాటుగా అడిగాను. “ఎందుకు, నీకా?” అన్నది.

సరిగ్గా నాకే కావాలి ఆ మాట.