నిలుపుకొన్న మాటకు మిగిలిన సాక్ష్యము

రాజంపేట, రాయచోటి, కోనసీమ ప్రాంతములలో కువైటునకు పోయి వచ్చిన కుటుంబములు పెక్కు కలవు. అట్టి ఇండ్లలో ఇనుపపెట్టె అడుగుననో, పాతబడిన పాస్‌పోర్టు పుటల నడుమనో దాగియున్న దీనారు నోటొకటి ఎప్పుడైనను బయటపడినప్పుడు, దాని నేటి వెల యెంతయను ప్రశ్న పుట్టుట సహజము. ఆ ప్రశ్నకు సంఖ్యతో బదులు చెప్పుటకు ముందు అడుగవలసినది వేఱొకటి కలదు: ఆ నోటును జారీ చేసిన ప్రభుత్వము దాని తోబుట్టువులను తిరిగి పుచ్చుకొన్నదా, లేక పుచ్చుకొననని ప్రకటించినదా? కువైటు నోట్ల వెలలోని తారతమ్యమంతయు ఈ యొక్క ప్రశ్నపై ఆధారపడియున్నదని నా దృఢవిశ్వాసము.

దీనారు పుట్టుటకు ముందు కువైటు బజారులో చెల్లినది మన రూపాయియే. ఖర్జూరములు నింపుకొని బొంబాయికిని కాలికట్టుకును తెరచాప లెత్తి వచ్చి, మలబారు టేకును, బియ్యమును, వస్త్రములను కొనిపోయిన ఓడల యజమానులకు రూపాయికంటె ఆప్తమైన ద్రవ్యము మఱియొకటి లేకుండెను. అయితే మొదట సరకుల వెంట నడచిన రూపాయి కాలక్రమమున బంగారము వెంట నడువసాగెను. గల్ఫు రేవులలో కొన్న బంగారము రహస్యముగా మన తీరమును చేరుటయు, దాని వెలగా మన నోట్లు అంతే రహస్యముగా సముద్రమును దాటుటయు, ఆ నోట్లే అక్కడి బ్యాంకుల మూలమున తిరిగి వచ్చి స్టెర్లింగును కోరుటయు జరుగుచుండగా, విదేశద్రవ్యమునకు మొగము వాచియున్న ఆనాటి భారతప్రభుత్వము, 1959లో రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి, గల్ఫు దేశములలో మాత్రమే చెల్లునట్లు వేఱు నోట్లను జారీ చేయించెను.

ఆ నోట్లకు అచ్చుఫలకములు మనవే, రంగులు మాత్రము వేఱు. ఒక రూపాయియు పది రూపాయలును ఎఱుపు, అయిదు రూపాయలు నారింజ, నూరు రూపాయలు ఆకుపచ్చ. వరుస సంఖ్యకు ముందు ‘జెడ్’ అను అక్షరము. రిజర్వు బ్యాంకు నోట్లపై గవర్నరు హెచ్.వి.ఆర్. అయ్యంగార్ సంతకము. భారతీయ భాషల పట్టిక యథాతథముగా నిలిచియుండుటచేత, అరబ్బీ తప్ప వేఱు లిపి నెఱుగని వర్తకుని చేతిలో సైతము, ఆ రోజులలో, మన తెలుగు అక్షరములు దినదినము మెదలుచుండెనన్న సంగతి తలచుకొన్నప్పుడు నాకు కలుగు ఆనందము ఇంతయని చెప్పజాలను. ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ‘హజ్’ అను మాటతోను ‘హెచ్.ఏ.’ అను అక్షరములతోను ముద్రితమైన నీలిరంగు పది రూపాయల నోటును, ఎఱ్ఱని నూరు రూపాయల నోటును మక్కా యాత్రికులకొఱకు ఏర్పడినవి; వానిని గల్ఫు నోట్లతో కలిపి అమ్మువారు లేకపోలేదు. రెండును అరుదైనవే యైనను, వాని కథలు వేఱు, కొనువారు వేఱు, వెలలును వేఱు.

గల్ఫు రూపాయి కువైటులో రెండేండ్లకు మించి బ్రతుకలేదు. 1961 ఏప్రిల్ 1వ తేదీన కువైటు కరెన్సీ బోర్డు తన దీనారును జారీ చేసెను. పదుమూడు రూపాయల మీద మూడవవంతు ఇచ్చినవారికి ఒక దీనారు. అది ఆనాటి ఒక స్టెర్లింగు పౌనునకు సమానము, అనగా 2.48828 గ్రాముల మేలిమి బంగారమునకు సమానమని నిర్ణయము. దీనారునకు వేయి ఫిల్సులు గనుక, రూపాయి విడిచినవానికి డెబ్బదియైదు ఫిల్సులు దక్కెను. 1899 నాటి ఒడంబడికతో ఏర్పడిన బ్రిటిషు రక్షణము తొలగి కువైటు స్వతంత్రమైనది అదే యేట జూన్ 19వ తేదీన. అనగా స్వాతంత్ర్యప్రకటనమునకు రెండున్నర నెలలు ముందుగనే ఆ చిన్నదేశము తన అమీరు షేక్ అబ్దుల్లా అల్ సాలిం ముఖమును తన నోట్లపై నిలుపుకొన్నది. ఒక రాజ్యము తాను రాజ్యమని లోకమునకు చాటుటకు ముందు, తన ప్రజల చేతులలోని కాగితముతో ఆ మాట పలికించుట ఎంతయో దూరదృష్టి గల పని యని నేను భావింతును. ఆ తరువాత వారము తిరుగకమునుపే ఇరాకు పాలకుడు ఖాసిం కువైటు తనదేయని ప్రకటించుటను బట్టి చూచినచో, ఆ కాగితములు పలికిన సాక్ష్యమెంత యవసరమో తెలియగలదు.

ఈ తొలిశ్రేణిలో పావు, అర, ఒకటి, అయిదు, పది దీనారుల నోట్లు అయిదును కలవు. ఆల్బర్ట్ పిక్ పేర వెలసిన ప్రపంచ నోట్ల సూచిలో కువైటు శీర్షిక క్రింద 1 నుండి 5 వఱకు గల సంఖ్యలు వీనివే. వెనుకవైపు చిత్రములను వరుసగా చూచినవానికి అమీరు తన దేశమును ఎట్లు చూడగోరెనో విదితమగును: గోధుమరంగు పావు దీనారుపై ఓడరేవు, ఊదారంగు అర దీనారుపై పాఠశాల, ఎఱుపు కలిసిన గోధుమరంగు దీనారుపై సిమెంటు కర్మాగారము, నీలి అయిదు దీనారులపై నగరవీథి, అన్నిటికంటె పెద్దదైన ఆకుపచ్చని పది దీనారులపై తెరచాప ఓడ. కొత్తదనమునకంతటికిని మిన్నగా, తాతలు బొంబాయికి నడిపిన ఓడకే అగ్రస్థానము నిచ్చిన ఆ యెంపిక నాకు మిక్కిలి ప్రీతికరము.

ఇక ఇవి ఏల అరుదైనవి? తక్కువ ముద్రించుటచేత అరుదైనవని చాలమంది తలంతురు. అసలు కారణము వేఱు. 1966 జూన్‌లో మన రూపాయి మూల్యము తగ్గినప్పుడు దానిని ఇంకను వాడుకొనుచున్న గల్ఫు పాలకులు కలతచెంది దానిని వదలిపెట్టిరి. ఒమాను మాత్రము 1970 వఱకు దానినే పట్టుకొనియుండెను. 1967 నవంబరులో స్టెర్లింగు మూల్యము సైతము పడిపోయినది. ఈ రెండు తుపానులలోను కువైటు దీనారు చెక్కుచెదరలేదు. అట్టి ద్రవ్యమును చేత గలిగినవాడు దానిని జ్ఞాపకార్థము దాచుకొనునా? 1969లో పని నారంభించిన కువైటు సెంట్రల్ బ్యాంకు మఱుసటి యేట తన పేర క్రొత్త శ్రేణిని విడుదల చేసినపిదప పాతనోట్లు క్రమక్రమముగా బ్యాంకును చేరుటయు, చేరిన ప్రతినోటునకును పూర్తిమూల్యము లభించుటయు, పుచ్చుకొన్న నోట్లు నాశనమగుటయు జరిగినవి. పావు దీనారును మఱచి ఏ పుస్తకములోనో వదలివేసినవారుందురు. నూటముప్పదిమూడు రూపాయలకు సరియైన పది దీనారుల నోటును మఱచినవారు బహు స్వల్పము. కావుననే పెద్దనోట్లు, అందులోను మడత పడనివి, దుర్లభములు. తన మాటను ప్రభుత్వమెంత నిష్ఠగా నిలుపుకొన్నదో, సేకర్తకు ఆ నోట్లంత తక్కువగా మిగిలినవి.

వెల కట్టుటలో మొదటిసూత్రము స్థితి. ఒక్కసారియైనను చేతులు మారని నోటును వ్యాపారులు యు.ఎన్.సి. అందురు, నడుమ ఒక్క మడత పడినంతనే అది మెట్టు దిగును, వెల సగమునకు పడిపోవుటయు కద్దు. గల్ఫు రూపాయలకు ఇచ్చట ఒక మినహాయింపు కలదు. మన బ్యాంకులు కట్టలను ఇనుపతీగతో కుట్టి జారీ చేయు ఆచారముండెడిది గనుక, అంచున రెండు రంధ్రములున్నంతమాత్రమున ఆ నోటు వాడబడినదని తీర్మానింపరాదు. కువైటు నోటుపై అట్టి రంధ్రమును చూచిన కన్ను మాత్రము తప్పక సందేహింపవలయును.

ఇందులో అన్నిటికంటె నన్ను బాధించునది నోట్లను కడిగి, ఇస్త్రీపెట్టి, క్రొత్తవానివలె కనబఱచు దురాచారము. చెక్కడపు అచ్చుతో పొంగిన సిరా గీతలు వ్రేలికి గరగరలాడుట ఆ నోటునకు ప్రాణము. వేడితో ఒత్తినచో అవి చదునై, కాగితము నిర్జీవమగును. సబ్బుపొడితో కడిగిన నోటు అతినీలలోహిత దీపము క్రింద తెల్లగా మెఱసి తన రహస్యమును తానే బయటపెట్టును, ఏలయన నోట్లకు వాడు నూలుకాగితము ఆ వెలుగులో మసకగానే యుండవలెను. చినిగినచోట గుజ్జు నింపి అతికినను, దీపమునకు అడ్డముగా పట్టి నీటిగుర్తును చూచినవానికి ఆ అతుకు తెలియకపోదు. మన ఊళ్లలో మఱియొక కీడు కూడ కలదు. పదిలముగా నుండునని తలచి, ఫొటోల దుకాణమున లామినేషన్ చేయించిన నోటు ఎన్నటికిని కోలుకొనదు. మెత్తని పీ.వీ.సీ. సంచులును ఏండ్లు గడచినకొలది జిడ్డుకారి కాగితమును చెఱచును. పాలియెస్టరు తొడుగొకటి కొనుటకు పెద్దవ్యయము కాదు.

వ్యాపారి చెప్పు ధర వేఱు, వేలములో నిజముగా చేతులు మారిన ధర వేఱు. మొదటిది కోరిక, రెండవది వాస్తవము. సూచిలోని అంకెలు ఈ రెండింటికిని నడుమ ఎక్కడనో నిలుచును. ‘స్పెసిమెన్’ అని అచ్చొత్తిన, వరుస సంఖ్య యంతయు సున్నలైన నోట్లు బ్యాంకులకు నమూనాలుగా పంపబడినవి. అవి ఎన్నడును ద్రవ్యముగా చెల్లలేదు గనుక, వానిని చెల్లిన నోట్ల ప్రక్కన పెట్టి పోల్చి వెలకట్టుట న్యాయము కాదని నా అభిప్రాయము.

ఇప్పుడు ఇనుపపెట్టెలోని నోటునకు వత్తము. తెలుగునాట బయటపడునవి తఱచుగా 1961 నాటివి కావు. అవి 1980లో మొదలైన మూడవశ్రేణికి చెందినవి. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించి, సెంట్రల్ బ్యాంకు ఖజానాలోని నోట్లను కట్టలకు కట్టలుగా దోచుకొనిపోయెను. ఇరాకు దీనారు కువైటు దీనారునకు సమానమని శాసించెను. విముక్తి పొందిన కువైటు 1991 మార్చి 24వ తేదీన అవే చిత్రములను వేఱు రంగులలో ముద్రించిన నాలుగవశ్రేణిని విడుదల చేసి, దోపిడికి గుఱియైన నోట్ల వరుసలను ప్రకటించి, వానిని పుచ్చుకొననని తేల్చిచెప్పెను. అది దొంగసొత్తును నిరాకరించుట గనుక ముమ్మాటికిని ధర్మమే. దాని ఫలితముగా, ఎవ్వరును వెనుకకు తీసుకొనని ఆ నోట్లు, మడతయైన లేని స్థితిలో, లోకమంతట నేటికిని చవుకగా దొరకుచున్నవి. తొలిశ్రేణి పది దీనారులు కనబడుటయే కష్టము. దోపిడిసొత్తైన మూడవశ్రేణి నోటు ఏ వ్యాపారి పెట్టెలోనైనను కనబడును.

అందుచేత అట్టి నోటును చూపి లక్షలు వచ్చునని ఆశపెట్టువాని మాట నమ్మవద్దు. కాని దానిని పాఱవేయను వద్దు. ఆ ఆగస్టులో చేతనున్న జీతము చిత్తుకాగితముగా మాఱగా, ఎడారిదారిన జోర్డానునకు చేరి, అమ్మాను నుండి ఎయిరిండియా విమానములలో ఇల్లు చేరిన లక్షకు పైబడిన భారతీయులలో మన జిల్లాలవారును కలరు. ఆ నోటు ఎవరి చేతిది, ఏ నెల జీతములోనిది, ఏ దారిన ఇల్లు చేరినది యన్న వివరములను ఆ మనిషి బ్రతికియుండగనే ఒక కాగితముపై వ్రాయించి, పాస్‌పోర్టుతోను టిక్కెట్టుతోను కలిపి యుంచవలెను. సూచిలో కొద్దిపాటి వెల పలుకు ఆ నోటు, ఈ మూడింటితో కలిసియున్నప్పుడు, ఆ వలసకు సంబంధించిన పత్రమగును. విడదీసి అమ్మినచో వ్యాపారి పెట్టెలోని వేలకొలది నోట్లలో అదియు నొకటి.